తణుకు శాఖకు జట్టు స్ఫూర్తి వచ్చిన విధం

ముందే చెప్పేస్తున్నాను, మా సంస్థని ఎవరైనా ఒక్క మాటంటే నేను ఊరుకోను. ఏళ్ళ తరబడి దాని ఉప్పు తింటున్నవాణ్ణి. ఆ ఉప్పు కూడా టెండర్లు పిలిచి, తక్కువ ధరకిచ్చినవాడి దగ్గర కొన్నదే. కాబట్టి నేనిప్పుడు చెప్పబోయేది ఫిర్యాదు కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వొస్తే అది మీ ఇష్టం, నా పూచీ లేదు.

మాది రాష్ట్ర ప్రజాభోజన సంస్థ. గవర్నమెంటు హోటలంటే జనానికి తొందరగా తెలుస్తుంది. తణుకు బైపాసు పక్కన మా శాఖ. మధ్యాహ్నం అరిటాకులో భోజనం, సాయంత్రం టిఫిను. నేను క్యాషియర్ని, పేరు సోమేశ్వరం. గల్లాపెట్టె వెనక కూర్చుంటే హాలంతా కనిపిస్తుంది, వంటింటి తలుపు కూడా కనిపిస్తుంది. ఆ తలుపు అటు తోస్తే అటూ ఇటు తోస్తే ఇటూ తెరుచుకునే రకం. అవతల ఎవరున్నారో ఇవతలివాళ్ళకి తెలియదు. మా సంస్థలో చాలా పనులు ఆ పద్ధతిలోనే నడుస్తాయి గనక దాన్నెవరూ తప్పుబట్టలేదు. పోయిన వేసవిలో ఒకనాడు సాంబారు బకెట్టు పట్టుకుని వస్తున్న నూకరత్నం మూతికి ఆ తలుపు ఫెడీమని కొట్టుకుంది. ముందు పన్ను ఊడి సాంబార్లో పడింది.

నూకరత్నం మా సర్వరు. నలభైకి అటూ ఇటూ వయసు. ఆమె నవ్వు వినపడకుండా మా హాల్లో ఒక్క పంక్తి లేచేది కాదు. అన్నం బేసిను నడుముకి ఆనించుకుని, "ఇంకొంచెం ఏసుకోండి బాబూ, ఇంట్లో అమ్మగారికి నేన్జెప్పన్లెండి" అని నవ్వుతూ వంగిందంటే, చాలు చాలన్నవాడు కూడా ఆకు మీంచి చెయ్యి తీసేసేవాడు. పన్ను పోయాక ఆ నవ్వు పోయింది. పెదాలు బిగించుకుని వడ్డించేది. మరీ నవ్వొస్తే వంటింట్లోకి పరిగెత్తి, నవ్వుకుని వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మూతి చూసి, ఈవిడకెంత పొగరో అనుకున్నారు.

పన్ను పెట్టించమని సంస్థకి రాశాం. జవాబు రాకుండా ఉండలేదు. "సదరు పన్ను సంస్థ ఆస్తుల పట్టికలో లేనందున, దాని నష్టమును సంస్థ భరించజాలదు. అయితే ఈ సంఘటనలో తలుపునకు ఏమైనా హాని జరిగినదా అన్నది వెంటనే తెలియజేయగలరు" అని వచ్చింది. తలుపు క్షేమంగా ఉందని రాసి పంపాను.

మా సర్వర్లకి ఒక పద్ధతుండేది. బల్ల మీద ఎవరికి ఎంత టిప్పు దొరికినా తీసుకెళ్ళి వంటింటి గూట్లో ఉన్న ఇత్తడి మరచెంబులో పడేసేవాళ్ళు. లెక్క ఎవరూ పెట్టేవాళ్ళు కాదు. శనివారం భోజనాలయ్యాక, అవసరమున్నవాళ్ళు "ఈ వారం నాకు కావాలి" అనేవాళ్ళు. ఎందుకని అడిగే అలవాటు లేదు. చెంబు మొత్తం వాళ్ళ ఒళ్ళో బోర్లించేవాళ్ళు. వంటమేస్త్రీ, గిన్నెలు తోమే మనిషి, అందరూ అందులో వాళ్ళే. ఈసారి వరసగా కొన్ని శనివారాలు నూకరత్నం పన్నుకే ఇవ్వాలని అందరూ అనుకున్నారు. పళ్ళ డాక్టరు కొలతలు కూడా తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మా సంస్థకి జట్టు స్ఫూర్తి పట్టుకుంది.

మా ఎండీ గారు ఏదో కొండమీది రిసార్టులో జరిగిన శిబిరానికి వెళ్ళొచ్చారు. అక్కడ పెద్ద పెద్ద అధికారులందరికీ కళ్ళకి గంతలు కట్టి, ఒకే తాడు పట్టించి నడిపించారట. ముందున్నాయన పూలతొట్టిలో పడితే వెనకాల అందరూ పడ్డారట. ఆ ఐకమత్యం చూసి ఎండీ గారికి కళ్ళనీళ్ళు తిరిగాయట. తిరిగొచ్చిన మర్నాడే సర్క్యులరు వచ్చింది: "ఇకమీదట సంస్థలో ఏ పనినీ ఏ ఒక్కరూ చేయరాదు." ప్రధాన కార్యాలయంలో చాలామంది, మేం ఇన్నాళ్ళూ చేస్తున్నది అదే కదా అని సంతోషించారు.

దాని వెనకే ఉమాకాంతం గారు దిగారు. ఆయన హోదా, జట్టు స్ఫూర్తి అధికారి. తణుకు ఎండలో నీలం కోటు వేసుకొచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. చల్లటి మజ్జిగ ఇస్తే గటగటా తాగి, మా సర్వర్లందరినీ వరసగా నిలబెట్టి అడిగారు.

"ఈ శాఖలో జట్టు స్ఫూర్తి ఏ స్థాయిలో ఉన్నది?"

సర్వర్లలో పెద్దవాడు ఏసుపాదం. చేతులు కట్టుకుని చెప్పాడు. "మా దగ్గర అలాంటియ్యేం లేవండి. పనెక్కువైతే ఒకళ్ళకొకళ్ళం సాయం పడతామండి. టిప్పులన్నీ చెంబులో ఏసుకుంటామండి. ఎవరికి అవసరమైతే ఆళ్ళు తీసుకుంటారండి, అంతేనండి."

ఉమాకాంతం గారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఎంత తీసుకుంటారు?"

"ఎంతుంటే అంతండి."

"ఏ ప్రాతిపదికన?"

"అవసరమని చెప్పాను గదండీ."

"ఆ అవసరాన్ని ధ్రువీకరించేది ఎవరు?"

"ఆళ్ళేనండి. అవసరం ఆళ్ళది గదండీ మరి!"

ఉమాకాంతం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అద్భుతం. అయితే ఇది అలిఖిత, అశాస్త్రీయ, ఆకస్మిక సహకారం. మీరు జట్టుగా పనిచేస్తున్నారు గాని, జట్టుగా పనిచేస్తున్నట్టు మీకు తెలియదు. తెలియకుండా చేసిన మంచి పని సంస్థాగతంగా చెల్లదు. దీనికొక రూపం ఇవ్వాలి."

రూపం ఇచ్చారు. మరచెంబుని ప్రధాన కార్యాలయంలో అద్దాల బీరువాలో ప్రదర్శనకి పెట్టడానికి పట్టుకుపోయారు. దాని స్థానంలో మూడు తాళాల ఇనప్పెట్టె వచ్చింది. ఒక తాళంచెవి నాకు, ఒకటి ఏలూరులోని ప్రాంతీయ కార్యాలయానికి, ఒకటి ప్రధాన కార్యాలయానికి. ముగ్గురూ ఒకచోట చేరితేనే పెట్టె తెరుచుకుంటుంది, అదే జట్టు స్ఫూర్తి అన్నారు. ముగ్గురం ఒకచోట చేరాలంటే ప్రయాణ భత్యానికి ముగ్గురి సంతకాలూ ముందే కావాలి. సంతకాలు కావాలంటే ముగ్గురం ఒకచోట చేరాలి. కాబట్టి ఆ పెట్టె ఇప్పటికీ భద్రంగా ఉంది.

నూకరత్నం ధైర్యం చేసి అడిగింది. "అయ్యగారండీ, ఈ శనివారం నాదండి. పన్ను పెట్టించుకుందామనండి."

"కంగారు పడకండి అమ్మా. ఇకపై మీ వాటా మీకు శాస్త్రీయంగా వస్తుంది."

శాస్త్రీయ వాటా తేల్చడానికి ఒక సంఘం కూర్చుంది. టిప్పు వచ్చిందంటే అందులో ఎవరెవరి కృషి ఉంది? వడ్డించినవాళ్ళది ఉంది, వండినవాళ్ళది ఉంది, సరే. బియ్యం తెచ్చిన లారీ డ్రైవరుది లేదా? ఉంది. ఆ లారీని మంజూరు చేసిన గుమాస్తాది? ఉంది. ఆ ఫైలు మీద సంతకం పెట్టిన మేనేజరుది? తప్పకుండా ఉంది. ఆ ఫైలు తన బల్ల మీదుగా పోతుంటే చూసి కూడా ఊరుకున్న డిప్యూటీ మేనేజరుది? దాని మీద కాసేపు చర్చ జరిగింది. "అభ్యంతరం చెప్పకపోవుట కూడా సహకారమే" అని తేల్చారు. ఇలా పంచుకుంటూ పోతే చివరికి సర్వరు వాటాకి, భోజనమయ్యాక మేం ఊరికే ఇచ్చే సోంపు కూడా రాదు. అదైనా పెట్టె తెరుచుకుంటేగా!

అక్కడితో ఆగి ఉంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. టిప్పు జట్టుదైనప్పుడు వడ్డన మాత్రం ఒక్కరిది ఎలా అవుతుందని ఉమాకాంతం గారికి అనుమానం వచ్చింది. వెంటనే విధుల విభజన జరిగింది. ఆకు వేసేది ఒకరు, నీళ్ళు పోసేది ఒకరు. అన్నానికి ఏసుపాదం, పప్పుకి ఇంకొకరు, నెయ్యికి మరొకరు. ఒకరి గిన్నె ఒకరు ముట్టుకుంటే వ్యక్తివాదం కింద మెమో. మా వంటమేస్త్రీ భీమశంకరం ఉప్పు వేసే అధికారం కోల్పోయి ఆ రోజు నుంచీ అలకమీదే ఉన్నాడు.

మరి నూకరత్నానికి? పాత రోజుల్లో భోంచేసి వెళ్ళినవాళ్ళు రాసిచ్చిన అభిప్రాయాలు కట్టగా నా దగ్గర ఉండేవి. అవి తిరగేసి, అందరూ ఆమె నవ్వునే మెచ్చుకున్నారని గ్రహించి, ఆమెని చిరునవ్వు సభ్యురాలిగా నియమించారు. ఇక అన్నం బేసిను ముట్టుకోకూడదు. గుమ్మం దగ్గర నిలబడి నవ్వాలి. నవ్వులో కనీసం ఆరు పళ్ళు కనిపించాలని కొలత పెట్టారు.

మొదటి తనిఖీలోనే నూకరత్నం దొరికిపోయింది.

"మీ చిరునవ్వులో పళ్ళు కనబడుట లేదు" అన్నారు ఉమాకాంతం గారు.

"ముందు పన్ను లేదు గదండీ. సిగ్గండి నాకు."

"పెట్టించుకోవచ్చు కదా?"

"డబ్బులెక్కడియ్యండి? టిప్పులేమో పెట్టెలో ఉన్నాయి."

"చిరునవ్వుకి ప్రత్యేక ప్రోత్సాహకం ఉన్నది. అది రాగానే పెట్టించుకోండి."

"ఆయ్, అదెప్పుడొత్తాదండి?"

"మీరు ఆరు పళ్ళు కనబడేలా నవ్విన వెంటనే."

నూకరత్నం నా వంక చూసింది. నేను గల్లాపెట్టెలో చిల్లర సర్దుకున్నాను. ఉమాకాంతం గారు మాత్రం ఎక్కడా పొల్లు లేకుండా బిగించిన నియమం కదా అన్నట్టు ముచ్చటగా తలాడించారు. అంత ముచ్చట పడుతున్న మనిషిని ఏమంటాం?

అయినా ఆయనకి జాలి లేకపోలేదు. రెండు రోజులు ఆలోచించి, చిరునవ్వు కూడా జట్టు బాధ్యతే గనక ఒకరి నవ్వు ఇంకొకరు నవ్వవచ్చునని సవరణ తెచ్చారు. నూకరత్నం ముందు నిలబడి, పెదాలు బిగించి "రండి బాబూ, కూర్చోండి" అంటుంది. ఆమె భుజం వెనకనుంచి ఏసుపాదం తల బయటపెట్టి, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు. అది చూసి ఒక కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాన్ని తీసుకుని గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు.

పెద్దిరాజు గారు మాత్రం వెనక్కి వెళ్ళే రకం కాదు. ఉండి ఊరి దగ్గర రొయ్యల చెరువులున్న ఆసామి. తణుకులో పనుంటే మా దగ్గరే భోజనం. ఆ రోజు వచ్చి కూర్చున్నారు. ఒకడు ఆకు వేసి వెళ్ళాడు. ఒకడు నీళ్ళు చల్లి వెళ్ళాడు. ఏసుపాదం అన్నం పెట్టాడు. పప్పు మనిషి హాలు అవతలి చివర ఉన్నాడు. అతను వచ్చేసరికి అన్నం చల్లారింది.

"నెయ్యేదయ్యా?" అన్నారు రాజుగారు.

"నెయ్యి సభ్యుడు సెలవులో ఉన్నాడండి" అన్నాడు ఏసుపాదం.

"అదుగో గిన్నె, నీ మోచెయ్యి పక్కనే ఉంది కదా!"

"ఉందండి. కనపడతానే ఉందండి. నేను అన్నం సభ్యుణ్ణండి రాజుగారూ, ముట్టుకోకూడదండి."

"హవ్వ! ఇదేం భోజనమయ్యా బాబూ, తద్దినం కూడా దీనికంటే తొందరగా అవుద్ది!" అని రాజుగారు లేచి, గిన్నె అందుకుని, నెయ్యి తనే పోసుకున్నారు. పక్క ఆకులో ముసలాయన దిగాలుగా చూస్తుంటే ఆయనకీ పోశారు.

ఉమాకాంతం గారు మూలబల్ల దగ్గరనుంచి ఒక్క ఉదుటున లేచారు. రాజుగారికి ఇప్పుడు మెమో ఇస్తారేమో అనుకున్నాను. ఆయన వచ్చి రాజుగారి నేతి చేతిని రెండు చేతులా పట్టుకున్నారు.

"నేటితో సంపూర్ణమైనది! వినియోగదారుడు కూడా జట్టులో సభ్యుడే!"

రాజుగారు చెయ్యి విదిలించుకుని భోంచేసి, పోతూ పోతూ బల్ల మీద టిప్పు పెట్టారు. ఉమాకాంతం గారు ఆయన్ని గుమ్మం దగ్గర ఆపారు. ఆయన వడ్డనలో పాల్గొన్నారు కనక ఆయనిచ్చిన టిప్పులో ఆయనకీ వాటా ఉంది. అది ఆయనకి ముట్టజెప్పకపోతే సంస్థకి పాపం. అందుకోసం ఆధారు కార్డు, బ్యాంకు పాసుబుక్కు, రెండు ఫొటోలు ఇవ్వాలి.

"నేనిచ్చిన డబ్బులు నాకిత్తారా?" అన్నారు రాజుగారు.

"కొంత భాగం. శాస్త్రీయంగా."

"అయితే మొత్తం నేనే ఉంచుకుంటే ఇంకా శాస్త్రీయం కదయ్యా!" అని ఆయన బల్ల దగ్గరకెళ్ళి, నోటు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ వారం నుంచి ప్రతివాళ్ళనీ పాసుబుక్కు అడిగాం. జనం టిప్పు పెట్టడం మానేశారు. కొందరు బల్ల మీద చిల్లర పొరపాటున కూడా మిగలకుండా, ఆకు ఎత్తి మరీ చూసుకుని వెళ్ళేవాళ్ళు. నెల తిరిగేసరికి టిప్పన్నదే లేదు. ఉమాకాంతం గారు నివేదిక రాసి నాకు చదివి వినిపించారు. "టిప్పుల పంపకంపై తణుకు శాఖలో వివాదములు సంపూర్ణంగా నిర్మూలించబడినవి." అంతకుముందు కూడా వివాదాల్లేవండి అన్నాను. "ఉన్నట్టు ఆధారం లేదు, లేనట్టు కూడా ఆధారం లేదు. ఇప్పుడు ఆధారం ఉన్నది" అన్నారు.

పళ్ళ డాక్టరు రెండుసార్లు కబురు పంపాడు. నూకరత్నం చివరికి, వద్దులెండని చెప్పించేసింది. ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి నాతో అంది. "అన్నం ఎట్టి, ఇంకొంచెం ఏసుకోండని నవ్వుతా అడగాలండి. ఇలా దిష్టిబొమ్మలా నిలబడ్డం నా వల్ల కావట్లేదండి క్యాషియరు గారూ. ఆకలితో వచ్చినోళ్ళకి నా మొహం సూత్తే ఉన్న ఆకలి కూడా పోతన్నాది." ఏడ్చిందేమోనని చూశాను. ఏడవలేదు గానీ, ఏడ్చినా బాగుండును అనిపించింది.

మా శాఖకి ఉత్తమ జట్టు బహుమతి వచ్చింది. ఎండీ గారు స్వయంగా వస్తున్నారన్నారు. హాలుకి కాగితం తోరణాలు కట్టాం. ఎండీ గారితో అందరం కలిసి దిగబోయే ఫొటో రాష్ట్రంలోని అన్ని శాఖల్లోనూ పెడతారట. ఫొటోలో అందరి నవ్వూ ఒక్కలాగే ఉండాలట. ఉమాకాంతం గారు నూకరత్నాన్ని పక్కకి పిలిచి, ఎంతో మర్యాదగా చెప్పారు.

"మీరు ఫొటో చట్రం వెలుపల నిలబడి జట్టుకి సహకరించండి."

"అలాగేనండి" అని ఆమె వంటింట్లోకి వెళ్ళి బియ్యం బస్తా మీద కూర్చుంది.

ఇది విన్నాక ఏసుపాదం ఒళ్ళు మండిపోయింది. "అందరూ ఒక్కలాగుండాలన్నారు గదా, ఉందారి!" అని అట్లపెనం వెనక మసి గీరాడు. కాస్త చింతపండు గుజ్జులో కలిపి, ముందు పన్నుకి పూసుకున్నాడు. నవ్వి చూపించాడు. అచ్చం పన్ను ఊడినట్టే ఉంది. అప్పుడు మిగతావాళ్ళందరూ వరసగా నోళ్ళు తెరిచారు. అలక మాని భీమశంకరం కూడా తెరిచాడు. అందరి నోళ్ళలో ఒకేచోట సందు. నూకరత్నం బస్తా మీంచి లేచి వాళ్ళని చూసింది. పొట్ట పట్టుకుని విరగబడి నవ్వింది. ఎన్నాళ్ళకి విన్నానో ఆ నవ్వు! వాళ్ళు ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరస మధ్యలో నిలబెట్టారు.

ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. అందరూ నవ్వారు. ఎండీ గారు పక్కకి తిరిగి చూసి ఉలిక్కిపడ్డారు.

"ఏమయ్యా ఉమాకాంతం, వీళ్ళందరికీ ఒకే పన్ను లేదేమిటి?"

ఉమాకాంతం గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా అధికారి అధికారే. గొంతు సవరించుకున్నారు. "సార్, అది... ఒక సభ్యుని లోటును జట్టంతా పంచుకొనుట సార్. ఐక్యతా విరామం అంటాం సార్."

ఎండీ గారికి మళ్ళీ కళ్ళనీళ్ళు తిరిగాయి.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చేసింది. రాష్ట్రంలోని అన్ని శాఖల్లోనూ వడ్డన సిబ్బంది విధి నిర్వహణలో ముందు పన్నుకి నల్లరంగు వేసుకుని ఐక్యతా విరామం పాటించాలి. నల్లరంగు గొట్టాలకి టెండర్లు పిలిచారు. ఎడమ పన్నా, కుడి పన్నా అని సందేహాలడిగిన శాఖలకి బొమ్మ గీసి పంపారు. గొట్టాల మీద దంతాలకి హాని లేదని రాసి ఉంది, మింగరాదని కూడా రాసి ఉంది. అన్నం తినే చోట నోళ్ళకి తారు పూసినట్టున్న మనుషులు వడ్డిస్తుంటే భోజనాలకొచ్చేవాళ్ళు ఏమయ్యారో మీరు ఊహించుకోండి. నేను మా సంస్థని ఏమీ అననని ముందే చెప్పాను.

ఈలోగా వంటింట్లో ఇంకో పని జరిగింది. ఏసుపాదం ఇంటి నుంచి ఒక ఖాళీ ఆవకాయ జాడీ తెచ్చి తన సంచిలో పెట్టుకున్నాడు. జీతాలొచ్చిన రోజున మా హోటలు ప్రహరీ దాటి, బస్టాపు దగ్గర దాన్ని బయటికి తీశాడు. అది సంస్థ స్థలం కాదు. ఆ డబ్బు టిప్పు కాదు. ఎవరెంత వేశారో ఎవరూ చూడలేదు. నేను కూడా వేశాను, ఈ మాట ప్రధాన కార్యాలయంలో అనకండి. జాడీ నూకరత్నం ఒళ్ళో బోర్లించారు. ఆ పిచ్చిది నోట్లకంటిన ఆవకాయ నూనె పమిటతో తుడుస్తూ భోరుమంది.

మరుసటి వారం కొత్త పన్నుతో వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతుంటే, రోడ్డు మీద పోతున్నవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. పెద్దిరాజు గారు కూడా వచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఉమాకాంతం గారు నల్లరంగు గొట్టం పట్టుకుని తనిఖీకి వచ్చారు. భోజనాల వేళ. ఆకు ముందు కూర్చోబోతూ నూకరత్నాన్ని చూసి ఆగిపోయారు.

"మీ ఐక్యతా విరామం ఏది?"

"పన్ను పెట్టించుకున్నానండి."

"సంస్థ ఆమోదించిన ఖాళీని అనుమతి లేకుండా ఎలా పూరించారు? సరే, జరిగింది జరిగింది. దీని మీద రంగు వేసుకుని విధుల్లోకి రండి."

నూకరత్నం గొట్టం అందుకోలేదు. "ఏసుకోనండి."

"ఏమిటీ?"

"ఊడినప్పుడు అది సంస్థది కాదన్నారు గదండీ. మరిప్పుడు సంస్థదెలాగయ్యిందండి?" గొట్టాన్ని చేత్తో పక్కకి తోసింది. "ఇది మావోళ్ళు పెట్టించిన పన్నండి. కడుపు మాడ్చుకుని పెట్టించారండి. దీని మీద మసి పుయ్యమంటే ఆళ్ళ మొహాన పూసినట్టేనండి. నా వల్ల కాదు. ఉజ్జోగం తీసేత్తే తీసెయ్యండి."

నూకరత్నం మా దగ్గర కాంట్రాక్టు మనిషి. ఒక కాగితం ముక్క చాలు, సాయంత్రానికి ఇంటికి పంపెయ్యొచ్చు. ఉమాకాంతం గారికి నిజంగానే బాధగా ఉన్నట్టుంది, కానీ నియమం నియమమే. నా వైపు తిరిగారు.

"క్యాషియర్ గారూ, రాసుకోండి."

నేను కలం తీశాను. మూత మాత్రం తియ్యలేదు. ఆ క్షణంలో ఏసుపాదం అన్నం బేసిను బల్ల మీద పెట్టి, భుజం మీది తువ్వాలు తడిపి పన్ను తుడుచుకున్నాడు. పప్పు మనిషి తుడుచుకున్నాడు. నెయ్యి మనిషి, నీళ్ళ మనిషి, వంటింట్లోంచి తొంగిచూసి భీమశంకరం, అందరూ తుడుచుకున్నారు. ఏసుపాదం బేసినుని నూకరత్నం చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని నడుముకి ఆనించుకుంది. ఎవరికి ముందు నవ్వొచ్చిందో గానీ, హాలంతా నవ్వింది. రాజుగారు పొలమారి నీళ్ళు తాగారు.

"ఎవరు? మొదట రంగు తుడుచుకున్నది ఎవరు?" ఉమాకాంతం గారు నన్ను అడిగారు. "పేరు చెప్పండి."

ఏసుపాదమని నాకు తెలుసు. నా కళ్ళ ముందే జరిగింది.

"అందరూ కలిసేనండి" అన్నాను.

"కలిసి ఎలా? ఎవరో ఒకరు మొదలుపెట్టి ఉంటారు కదా!"

"లేదండి. జట్టు పనండి ఇది. ఒక్కరి పేరున రాస్తే వ్యక్తివాదం అవుతుందండి."

అందరికీ మెమో ఇద్దామంటే, ఉత్తమ జట్టు మొత్తానికి మెమో ఇచ్చినట్టు. ఎండీ గారి ఫొటో అన్ని శాఖల గోడల మీదా ఉందాయె. ఆయన గొట్టాన్ని కోటు జేబులో పెట్టుకుని, ఆకు ముందు కూర్చున్నారు. ఆకలి మనిషి కదా ఆయన కూడా. నూకరత్నం అన్నం పెట్టి, పప్పు తనే వేసి, నెయ్యి తనే పోసి, "ఇంకొంచెం ఏసుకోండి బాబూ" అని నవ్వుతూ వంగింది. ఆయన వద్దనలేదు. రెండోసారి కూడా వద్దనలేదు.

నూకరత్నం ఉద్యోగం నిలిచింది. పది రోజుల తరవాత ఆయన నివేదిక నకలు నాకొచ్చింది. అందరినీ పిలిచి గల్లాపెట్టె దగ్గర నిలబడి గట్టిగా చదివాను: "తణుకు శాఖ సిబ్బందికి జట్టుగా పనిచేయుట ఇంకనూ అలవడలేదు. వీరికి తాడుతో శిక్షణ అత్యవసరం."

అది విని నూకరత్నం నవ్విన నవ్వుకి బైపాసు మీద పోతున్న లారీవాడు బ్రేకు వేసి, దిగి వచ్చి, భోజనం ఉందా అని అడిగాడు.